నంబరు 2317

బోర్డు మీద ‘లక్కోజు బ్రదర్స్’ అని ఉండేది.
తాతకి అన్నదమ్ములు లేరు.
బోర్డు రాసినవాడు పక్క వీధి కొట్టుది చూసి
అలవాటుగా రాసేశాడట.
చెరిపితే మళ్ళీ రంగు ఖర్చు.
అలా లేని తమ్ముడితో కలిసి
బేసిన్ బ్రిడ్జి అవతల, వ్యాసర్‌పాడి రేకుల షెడ్డులో
కోటయాచారి వ్యాపారం పెట్టాడు.

అంతకుముందు బిందెలు.
నెల్లూరు నుంచి తెచ్చుకున్న నాలుగు సుత్తులకి
తెలిసిందల్లా కడుపూ, మెడా, అంచూ.
ఒకరోజు రైల్వే బ్యాండు సవరిముత్తు
సొట్టపడ్డ యుఫోనియం చంకనేసుకొచ్చి
“బిందె సొట్ట తీస్తారటగా, దీనిదీ తీయండి” అన్నాడు.
తాత దాన్ని మూడు రోజులు
తిరగేశాడు, బోర్లించాడు, లోపల దీపం పెట్టి చూశాడు.
నాలుగో రోజు తేల్చాడు:
“ఇదీ బిందే. చిల్లి పెట్టి అమ్ముతారు. ధర ఎక్కువ.”

తర్వాతివి నాకు వాసనలుగా గుర్తు.
వెలిగారం పొంగేది,
చింతపండు పులుసులో గొట్టాలు ఊరేది,
సీసం కరిగేది.
ఇత్తడి గొట్టం ఊరికే వంచితే ముడత పడుతుంది.
లోపల సీసం పోసి, చల్లార్చి,
మోకాలికి ఆనించి, ఊపిరి బిగబట్టి వంచాలి.
మళ్ళీ కాచి ఒంపేయాలి.
వంపు మిగులుతుంది, సీసం మిగలదు
అనుకునేవాళ్ళం.
తాత నవ్వితే చిగుళ్ళ అంచున సన్నటి నీలి గీత.
వక్కపొడి వల్ల అనేది మామ్మ.
చివరి రెండేళ్ళూ
కాఫీ గ్లాసు రెండు చేతులతో పట్టుకునేవాడు,
అయినా లుంగీ మీద మరకలు.

నా పని నంబర్లు.
ఎనిమిదేళ్ళ వేళ్ళు, ఉక్కు అచ్చులు,
అంకెకి ఒకటే దెబ్బ.
రెండోది పడితే అంకెకి నీడ వస్తుంది,
నీడకి తిట్లు వస్తాయి.

మా ఇంట్లో ఎవరికీ వాయించడం రాదు.
తయారైన ప్రతిదాన్నీ సవరిముత్తే
పెరట్లో కుళాయి పక్కన నిలబడి ఊదేవాడు.
ఒక్క స్వరం. పొడుగ్గా.
మధ్యలో రైలు కూస్తే ఆపి, మళ్ళీ మొదట్నించి.
తల ఊపితే గుడ్డలో చుట్టేవాళ్ళం,
ఊపకపోతే కొలిమికి.
ఆ ఒక్క స్వరం తర్వాత అవి ఏం వాయించాయో
మాకు తెలీదు. పద్దు పుస్తకంలో ఊళ్ళే ఉన్నాయి:
సేలం, తాడిపత్రి, కోలారు, ఊరు లేని ఒక సర్కసు
(బాకీ ఇంకా ఉంది).

కోడంబాకం నుంచి కార్లొచ్చిన ఏళ్ళున్నాయి.
తర్వాత కీబోర్డు వచ్చింది,
మా సరుకంతా అందులో ఒక మీట కింద పట్టింది.
నాన్న ట్రంపెట్లు మాని గంటలు పోశాడు,
గంటలు మాని కుళాయిలు.
వరద ఏడాది నీళ్ళు నడుముదాకా నిలిచి
అచ్చులన్నీ తుప్పు తాగాయి.
షెడ్డు ఇప్పుడు వాటర్ క్యాన్ల గోడౌను.
తాత ఉంటే అనేవాడు, మళ్ళీ నీళ్ళకే వచ్చాం కదరా అని.

పోయిన నెల పెరంబూరు చర్చి ముందు
ఎవరిదో అంతిమయాత్ర.
బ్యాండు కుర్రాడు టీ కోసం
యుఫోనియాన్ని స్కూటర్ సీటు మీద పడుకోబెట్టాడు.
కళ్ళజోడు పైకి తోసి వంగి చూశాను.
2317.
ఒకటి పక్కన, వెంట్రుకవాసి దూరంలో, ఇంకో ఒకటి.

“మీరు వాయిస్తారా అమ్మా?”
రాదన్నాను. ఒక్క స్వరం ఊదమన్నాను.
“ఏది?” అన్నాడు.
పేరు ఎవరూ చెప్పలేదు నాకు.
కుళాయి పక్కది అని చెబితే నవ్వుతాడు.
ఏదైనా సరే, పొడుగ్గా అన్నాను.

మూతి తుడుచుకుని అందుకున్నాడు.
అంతలో క్యారేజీ వర్క్స్ వైపు రైలు కూసింది.
కుర్రాడు ఆపలేదు.